ముంబయి సొసైటీ ఫ్లాటు: కొనేది గోడలనా, సభ్యత్వాన్నా?

‘వన్ బీహెచ్‌కే అమ్మకానికి. ప్రశాంతమైన వీధి. పాత సొసైటీ. కన్వేయన్స్ పూర్తయింది. షేర్ సర్టిఫికెట్ సిద్ధం.’

ముంబయిలోని విలే పార్లే, ములుండ్, చెంబూరు, మాటుంగా వంటి ప్రాంతాల్లో ఇల్లు వెతికేవారికి తరచూ కనిపించే ప్రకటన ఇది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు కొన్న అనుభవం ఉన్నవారికి ఇందులో మొదటి రెండు ముక్కలే అర్థమవుతాయి. సొసైటీ ఏమిటి, ఇంటికి షేర్లు ఏమిటి, కన్వేయన్స్ పూర్తయిందని ప్రత్యేకంగా చెప్పుకోవడం ఎందుకు? అసలు విషయమంతా ఈ మూడు ప్రశ్నల్లోనే ఉంది. ఉద్యోగరీత్యా ముంబయి వెళ్లి స్థిరపడాలనుకునే తెలుగు కుటుంబాలకూ, తాతల కాలంలో అక్కడికి వలసవెళ్లిన వారి నుంచి వారసత్వంగా ఇల్లు దక్కుతున్న వారికీ ఈ తేడా తెలిసి ఉండటం అవసరం.

షేర్లే మూలం

ముంబయిలో పాత ఫ్లాట్లలో అత్యధికం సహకార గృహనిర్మాణ సంఘాల కింద ఉంటాయి. వాడుకలో అందరూ ‘సొసైటీ’ అంటారు. మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం-1960 కింద రిజిస్టరయ్యే ఈ సంఘానికి చట్టరీత్యా ప్రత్యేక అస్తిత్వం ఉంటుంది. భూమి, భవనం సంఘం పేరిట ఉంటాయి. ఫ్లాటు యజమాని అని మనం పిలిచే వ్యక్తి ఆ సంఘంలో సభ్యుడు. అతని చేతిలో కొన్ని షేర్లు ఉంటాయి. ఒక్కో షేరు ముఖవిలువ 50 రూపాయలు. పాత సంఘాల్లో ఐదు షేర్ల సర్టిఫికెట్లు ఎక్కువగా కనిపిస్తాయి. అంటే కోటి రూపాయల ఇంటికి మూలాధారమైన కాగితం మీద రాసి ఉండే మొత్తం 250 రూపాయలే!

ఆ షేర్లతో పాటు ఫలానా నంబరు ఫ్లాటులో శాశ్వతంగా నివసించే హక్కు వస్తుంది. షేర్లను, ఫ్లాటును విడదీసి అమ్మడం కుదరదు. ఈ హక్కు కేవలం సంఘం ఇచ్చిన అనుమతి వంటిదా, లేక నిజమైన ఆస్తా అన్న సందేహం ఒకప్పుడు ఉండేది. రమేశ్ హిమ్మత్‌లాల్ షా కేసులో 1975లో సుప్రీంకోర్టు దాన్ని తీర్చింది. సభ్యుడి నివాస హక్కు విలువైన ఆస్తేననీ, అప్పు వసూలు కోసం దాన్ని జప్తు చేసి అమ్మవచ్చనీ చెప్పింది. బ్యాంకులు ఇలాంటి ఫ్లాట్లపై గృహరుణాలు ఇవ్వగలుగుతున్నది అందువల్లే.

నూరేళ్లు దాటిన పద్ధతి

1896లో బొంబాయిని ప్లేగు కమ్మేసింది. కిక్కిరిసిన ఇరుకు ఇళ్లే కారణమని భావించిన ప్రభుత్వం 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టును ఏర్పాటు చేసింది. గాలీ వెలుతురూ వచ్చేలా కొత్త పేటలు వెలిశాయి. దాదర్, మాటుంగాల్లోని హిందూ కాలనీ, పార్సీ కాలనీ ఆ ప్రణాళిక ఫలితాలే. నేటికీ ప్రశాంతమైన వీధులంటే ముంబయివాసులు ముందుగా చెప్పే పేర్లలో అవి ఉంటాయి.

మరోవైపు చిత్రాపూర్ సారస్వతులకు చెందిన రావుబహద్దూర్ శ్రీపాద్ సుబ్బారావు తల్మాకీ సహకార సూత్రాన్ని ఇళ్లకు వర్తింపజేశారు. 1915లో గామ్‌దేవిలో సారస్వత్ సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడింది. నగరంలో ఈ తరహా సంఘాలకు అది ఆద్యం. ఒక్కరే భూమి కొని ఇల్లు కట్టుకోలేని మధ్యతరగతి జీతగాళ్లు కలిసి కొనుక్కోవడం దాని ఉద్దేశం. అయితే ఆ కలయిక ఒకే సామాజిక వర్గానికి పరిమితం. ఈ రెండు లక్షణాలూ, అంటే కలిసి సొంతం చేసుకోవడం, తమవారినే చేర్చుకోవాలనుకోవడం, ఆ తర్వాతి నూరేళ్లలోనూ వెంట వచ్చాయి.

స్వాతంత్ర్యం తర్వాత బిల్డర్లు ఫ్లాట్లు కట్టి అమ్మే పద్ధతి పెరిగింది. కొనుగోలుదారుల రక్షణకు మహారాష్ట్ర 1963లో ఫ్లాట్ల యాజమాన్య చట్టం తెచ్చింది. వాడుకలో దాన్ని ‘మోఫా’ అంటారు. బిల్డరు ఫ్లాట్లు అమ్మాక కొన్నవారితో సంఘం ఏర్పాటు చేయించాలి, భూమిని, భవనాన్ని ఆ సంఘానికి రాసివ్వాలి అన్నది దాని సారాంశం. నేడు మహారాష్ట్రలో ఇలాంటి గృహ సంఘాలు లక్షకు పైగా ఉన్నాయి. 2019లో సహకార చట్టంలో వీటి కోసమే ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చారు.

హైదరాబాదుతో తేడా ఎక్కడ?

తెలుగు రాష్ట్రాల్లో ఫ్లాటు కొంటే సేల్ డీడ్‌లో రెండు విషయాలు ఉంటాయి. ఇన్ని చదరపు అడుగుల నిర్మాణం, దానితో పాటు ఇన్ని చదరపు గజాల అవిభాజ్య భూమి వాటా. భూమిలో భాగం నేరుగా కొనుగోలుదారు పేరిట రిజిస్టరవుతుంది. నివాసితుల సంక్షేమ సంఘం ఉన్నా దాని పని లిఫ్టు, నీళ్లు, వాచ్‌మన్ జీతం చూసుకోవడం. భూమి దాని పేరిట ఉండదు.

ముంబయి సొసైటీ ఫ్లాటు ఒప్పంద పత్రంలో భూమి గజాల లెక్క సాధారణంగా కనిపించదు. భూమి మొత్తం సంఘానిది. సభ్యుడికి దానిపై ఉన్న ప్రయోజనం సంఘం ద్వారా వచ్చేదే. మహారాష్ట్రలో 1970 నాటి అపార్ట్‌మెంట్ యాజమాన్య చట్టం కింద మన పద్ధతిలాగే అవిభాజ్య వాటాతో అమ్మిన భవనాలూ ఉన్నాయి. కాబట్టి ఫ్లాటు ఏ చట్టం కింద ఉందో తెలుసుకోవడం మొదటి పని.

సహకార సంఘం అనగానే హైదరాబాదు వాసులకు జూబ్లీహిల్స్, ఫిలింనగర్ సంఘాలు గుర్తుకొస్తాయి. అవి ప్రధానంగా భూమి సంపాదించి సభ్యులకు ప్లాట్లుగా పంచినవి. ప్లాటు రిజిస్టరయ్యాక ఇల్లు ఎవరిది వారిదే. ముంబయిలో సంఘం ప్లాటు పంచి తప్పుకోదు. భవనం ఉన్నంతకాలం యజమాని స్థానంలో ఉంటుంది. న్యూయార్క్‌లోని ‘కో-ఆప్’ ఫ్లాట్లు దీనికి దగ్గర బంధువులు. అక్కడ కొనుగోలుదారు ఒక కంపెనీలో వాటాలు కొని, దీర్ఘకాలిక లీజు పొందుతాడు. అయితే అక్కడి బోర్డు కారణం చెప్పకుండా దరఖాస్తును తోసిపుచ్చగలదు. ముంబయి సంఘానికి ఆ స్వేచ్ఛ లేదు.

‘కన్వేయన్స్ పూర్తయింది’ అంటే?

ప్రకటనలోని ఈ రెండు మాటల విలువ లక్షల్లో ఉంటుంది. సంఘం రిజిస్టరైన నాలుగు నెలల్లో బిల్డరు భూమి హక్కును సంఘానికి బదిలీ చేయాలని మోఫా నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణలో ఎంతోమంది బిల్డర్లు దశాబ్దాల తరబడి ఆ పని చేయలేదు. భూమి తమ పేరిటే ఉంటే, తర్వాత పెరిగే నిర్మాణ హక్కులూ తమకే దక్కుతాయన్నది వారి లెక్క. ఫలితంగా జనం ఇళ్లలో ఉంటూనే, కాళ్లకింద నేల మాత్రం ఇంకొకరి పేరిట ఉన్న భవనాలు వేలల్లో తయారయ్యాయి.

దీనికి విరుగుడుగా 2008లో చట్టాన్ని సవరించి ‘డీమ్డ్ కన్వేయన్స్’ తెచ్చారు. బిల్డరు సహకరించకపోయినా, సంఘం జిల్లా డిప్యూటీ రిజిస్ట్రారుకు దరఖాస్తు చేస్తే, ఆయన విచారించి బిల్డరు తరఫున బదిలీ జరిగేలా ఉత్తర్వు ఇవ్వవచ్చు. భూమి ఎవరి పేరిట ఉందో తేల్చేది ప్రాపర్టీ కార్డు. అమ్మకందారు, బ్రోకరు ఎన్ని మాటలు చెప్పినా, ఆ కార్డులో సంఘం పేరు ఉందో లేదో కొనేవారు స్వయంగా చూసుకోవాలి.

భూమి స్వభావం కూడా ముఖ్యమే. కొన్ని సంఘాలు కలెక్టరు ఇచ్చిన ప్రభుత్వ భూమిలో ఉంటాయి. మరికొన్ని గృహనిర్మాణ మండలి ‘మ్హాడా’ లీజు భూమిలో ఉంటాయి. వీటిలో ఫ్లాటు చేతులు మారాలంటే సంఘంతో పాటు ఆ సంస్థ అనుమతి, రుసుం అవసరం కావచ్చు. లీజు గడువు ఎంత మిగిలి ఉందన్నదీ ధరలో లెక్కకు రావాలి.

ఎవరిని చేర్చుకోవచ్చు, ఎవరిని కాదనవచ్చు?

ఫ్లాటు బేరం కుదరడంతో కథ ముగియదు. కొనేవారిని సంఘం సభ్యులుగా చేర్చుకోవాలి. అమ్మేవారు 15 రోజుల ముందు సంఘానికి నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత ఇద్దరూ నిర్ణీత పత్రాలతో దరఖాస్తు చేయాలి. ఆదర్శ ఉపవిధుల ప్రకారం బదిలీకి సంఘం నిరభ్యంతర పత్రం తప్పనిసరి కాదు. కానీ రుణం ఇచ్చే బ్యాంకులు దాన్ని అడుగుతాయి కాబట్టి ఆచరణలో అది లేకుండా పని జరగడం కష్టం.

చట్టం ‘బహిరంగ సభ్యత్వ’ సూత్రాన్ని పాటిస్తుంది. తగిన కారణం లేకుండా ఎవరినీ తిరస్కరించకూడదు. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలి. దరఖాస్తు అందిన మూడు నెలల్లో ఏ సంగతీ చెప్పకపోతే సభ్యత్వం ఇచ్చినట్టే భావించాలి. తిరస్కారంపై రిజిస్ట్రారు వద్ద అప్పీలు చేసుకోవచ్చు.

కాగితం మీది ఈ సూత్రానికి ఒక పెద్ద మినహాయింపు న్యాయస్థానం నుంచే వచ్చింది. అహ్మదాబాదులోని జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం తన ఉపవిధుల్లో సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసింది. పార్సీయేతరులకు అమ్మదలచిన ఒక సభ్యుడి వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. సంఘంగా ఏర్పడే హక్కు రాజ్యాంగం 19(1)(సి) అధికరణం కింద ఉందనీ, అలాంటి ఉపవిధి చెల్లుతుందనీ 2005 ఏప్రిల్‌లో కోర్టు తీర్పు చెప్పింది. ఒక చిన్న మైనారిటీ తన ఉనికిని కాపాడుకోవడానికి ఇది అవసరమని సమర్థించేవారు ఉన్నారు. నగరాన్ని మతాల వారీగా, కులాల వారీగా గోడలు కట్టి విడదీయడానికి ఇది చట్టబద్ధమైన దారి చూపిందని విమర్శించేవారూ ఉన్నారు.

ఉపవిధుల్లో అలాంటి నియమం లేని సంఘాల్లో మతం, భాష, ఆహారపు అలవాట్లు చూసి కాదనే అధికారం కమిటీకి లేదు. అయినా ముంబయిలో ముస్లింలకు, ఒంటరి మహిళలకు, మాంసాహారులకు ఇల్లు దొరకడం కష్టమన్నది కొత్త ఫిర్యాదు కాదు. తిరస్కారం సాధారణంగా రాతపూర్వకంగా రాదు. అమ్మకందారు చెవిలో ఒక మాట పడుతుంది, బేరం ఆగిపోతుంది. అందువల్లే దరఖాస్తును రసీదుతో ఇవ్వడం, తేదీని నమోదు చేయించడం ముఖ్యం. మూడు నెలల గడువు మొదలయ్యేది ఆ రసీదు నుంచే.

బదిలీ రుసుం పరిమితి

కొత్త సభ్యుడు వస్తున్నాడంటే సంఘాలు పెద్ద మొత్తాలు ఆశిస్తాయి. దీన్ని అదుపు చేయడానికి మహారాష్ట్ర ప్రభుత్వం 2001 ఆగస్టులో ఆదేశాలిచ్చింది. నగరపాలక సంస్థల పరిధిలో బదిలీ ప్రీమియం గరిష్ఠంగా రూ.25,000. దీనికి తోడు బదిలీ రుసుం రూ.500, ప్రవేశ రుసుం రూ.100. కుటుంబ సభ్యులకు, వారసులకు బదిలీ చేస్తే ప్రీమియం ఉండదు. భవన నిధికో, ఉత్సవానికో ‘స్వచ్ఛంద విరాళం’ అంటూ ఇంతకు మించి వసూలు చేయడం ఆదేశాలకు విరుద్ధం. ఇంటి తాళాలు చేతికి రావాలన్న ఆత్రంలో ఉన్నవారు ఆ విరాళాన్ని ఇచ్చేస్తుంటారన్నదే ఇందులోని చిక్కు.

చిన్న ఫ్లాటు, సమాన భారం, సమాన ఓటు

సొసైటీలో నెలవారీ బిల్లు చదవడం ఒక విద్య. ఆస్తిపన్ను ఫ్లాటు విస్తీర్ణాన్ని బట్టి, నీటి ఛార్జీ కుళాయి కనెక్షన్లను బట్టి వేస్తారు. మరమ్మతు నిధికి ఏటా ఫ్లాటు నిర్మాణ వ్యయంలో 0.75 శాతం, సింకింగ్ ఫండ్‌కు 0.25 శాతం కనీసంగా జమ చేయాలి. కానీ వాచ్‌మన్ జీతం, పారిశుద్ధ్యం, ఉమ్మడి విద్యుత్తు, కార్యాలయ ఖర్చుల వంటి సేవా రుసుం మాత్రం అన్ని ఫ్లాట్లకూ సమానం. అంటే ఒక పడకగది ఇల్లున్నవారు, అదే భవనంలో మూడు పడకగదుల ఇల్లున్నవారు ఒకే మొత్తం కడతారు. చదరపు అడుగుకు ఇంత అని లెక్కగట్టే హైదరాబాదు అలవాటు నుంచి వచ్చినవారికి ఇది అన్యాయంగా తోస్తుంది.

దీనికి మరో పార్శ్వం ఉంది. సహకార చట్టం ప్రకారం ఒక సభ్యుడికి ఒకటే ఓటు. ఇల్లు ఎంత పెద్దదైనా ఓటు విలువ మారదు. కమిటీ ఎన్నికలోనూ, భవనాన్ని పడగొట్టి కట్టాలా వద్దా అన్న నిర్ణయంలోనూ చిన్న ఫ్లాటు సభ్యుడి మాట పెద్ద ఫ్లాటు సభ్యుడితో సమానం.

ఇల్లు అద్దెకు ఇవ్వాలనుకుంటే నివాసేతర రుసుం కట్టాలి. అది సేవా రుసుంలో 10 శాతానికి మించకూడదని 2001 నాటి ప్రభుత్వ ఆదేశం. కారు నిలిపే స్థలం విషయంలో 2010లో సుప్రీంకోర్టు నహల్‌చంద్ లాలూచంద్ కేసులో స్పష్టత ఇచ్చింది. స్టిల్ట్ పార్కింగ్ ఉమ్మడి స్థలం, దాన్ని బిల్డరు విడిగా అమ్మకూడదు. అందువల్ల ‘పార్కింగ్‌తో సహా’ అని ప్రకటనలో ఉంటే, ఆ స్థలాన్ని సంఘం కేటాయించిందా, కేటాయింపు కొత్త సభ్యుడికి కొనసాగుతుందా అని సంఘాన్నే అడగాలి.

ఖర్చు లెక్క

ఉదాహరణకు ఒక వన్ బీహెచ్‌కే ధర రూ.1.20 కోట్లకు కుదిరిందనుకుందాం. ముంబయిలో స్టాంపు డ్యూటీ, మెట్రో సెస్సుతో కలిపి 6 శాతం, అంటే రూ.7.20 లక్షలు. కొనేవారు మహిళలే అయితే 1 శాతం రాయితీతో అది రూ.6 లక్షలు. ఒప్పంద ధర కన్నా ప్రభుత్వ ‘రెడీ రెకనర్’ విలువ ఎక్కువైతే ఆ విలువపైనే డ్యూటీ కట్టాలి. రిజిస్ట్రేషన్ రుసుం గరిష్ఠంగా రూ.30,000. సంఘానికి చెల్లించేవి రూ.25,600 వరకు ఉండొచ్చు. ఇవన్నీ కలిపితే ధరకు అదనంగా సుమారు రూ.7.75 లక్షలు. బ్రోకరేజీ, న్యాయవాది ఫీజు, రుణ ఖర్చులు వేరు. సంఘానికి కట్టే ప్రీమియం ఎవరు భరించాలో ఒప్పందంలో ముందే రాసుకుంటే చివర్లో తగువు ఉండదు.

ఇల్లు రూ.50 లక్షలు, ఆపైన అయితే అమ్మకందారుకు ఇచ్చే సొమ్ములోంచి 1 శాతం ఆదాయపు పన్ను మినహాయించి కొనుగోలుదారే ప్రభుత్వానికి జమ చేయాలి. పై ఉదాహరణలో అది రూ.1.20 లక్షలు. ఇది అదనపు ఖర్చు కాదు, ధరలో భాగమే. అమ్మకందారు ప్రవాస భారతీయుడైతే మినహాయింపు నియమాలు వేరు, శాతం ఎక్కువ. ఈ సంగతి గమనించక 1 శాతమే పట్టుకున్నవారికి తర్వాత పన్ను శాఖ నోటీసులు వస్తాయి.

విస్తీర్ణాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. పాత ఒప్పందాల్లో బిల్టప్ ఏరియా ఉంటుంది. కొత్త లెక్క కార్పెట్ ఏరియా, అంటే బయటి గోడలు, బాల్కనీ పోగా గదుల లోపల వాడుకోగలిగే స్థలం. రెండు ఫ్లాట్ల ధరలు పోల్చేటప్పుడు రెంటినీ కార్పెట్‌లోకి మార్చుకోవాలి.

చూడాల్సిన కాగితాలు

మొదటి కొనుగోలు నుంచి ఇప్పటి అమ్మకందారు దాకా ఒప్పందాల గొలుసు ఎక్కడా తెగకూడదు. ప్రతి లావాదేవీకీ రిజిస్ట్రేషన్ వివరాలు చెప్పే ‘ఇండెక్స్-2’ ప్రతి ఉండాలి. 1985 డిసెంబరు 10 తర్వాతి ఒప్పందాలకు పూర్తి స్టాంపు డ్యూటీ కట్టారో లేదో చూడాలి. షేర్ సర్టిఫికెట్ వెనుక బదిలీలన్నీ నమోదై ఉండాలి. అసలు సర్టిఫికెట్ చూపించకుండా నకలు ఇస్తుంటే అది ఏ బ్యాంకు తాకట్టులో ఉందో అడగాలి. సంఘం రిజిస్టరులో తాకట్టు నమోదు ఉందేమో తెలుసుకోవాలి. న్యాయవాదితో 30 ఏళ్ల రికార్డులు వెతికించడం అక్కడి ఆనవాయితీ.

సంఘం ఆరోగ్యాన్ని చెప్పేవి వేరే ఉన్నాయి. ఆక్యుపేషన్ సర్టిఫికెట్, గత మూడేళ్ల ఆడిట్ నివేదికలు, వార్షిక సర్వసభ్య సమావేశాల తీర్మానాలు, నడుస్తున్న కోర్టు కేసుల వివరాలు. 15 నుంచి 30 ఏళ్ల వయసున్న భవనాలకు ఐదేళ్లకోసారి, 30 ఏళ్లు దాటినవాటికి మూడేళ్లకోసారి నిర్మాణ పటిష్ఠత ఆడిట్ జరపాలి. ఆ నివేదికలో భారీ మరమ్మతులు సూచిస్తే, ఇల్లు కొన్న కొద్ది నెలలకే లక్షల రూపాయల డిమాండు రావచ్చు.

వారసులు, నామినీలు

సభ్యుడు చనిపోతే నామినీయే యజమాని అవుతాడన్నది విస్తృతంగా ఉన్న అపోహ. కోల్‌కతాలోని ఒక సహకార ఫ్లాటుకు సంబంధించిన ఇంద్రాణీ వాహీ కేసులో 2016లో సుప్రీంకోర్టు రెండు విషయాలు విడదీసింది. సంఘం నామినేషన్‌ను పాటించి నామినీకి బదిలీ చేయాలి. కానీ అసలు హక్కుపై మిగతా వారసులు సివిల్ కోర్టుకు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. మహారాష్ట్ర 2019 సవరణ నామినీని ‘తాత్కాలిక సభ్యుడు’గా పేర్కొంటుంది. కనుక నామినీ నుంచి ఇల్లు కొనేవారు వీలునామానో, వారసత్వ ధ్రువపత్రమో, వారసులందరి సంతకాలున్న విడుదల పత్రమో లేకుండా బయానా ఇవ్వకూడదు.

ప్రశాంతత ఎంతకాలం?

నాలుగంతస్తుల పాత భవనం, ముందు రెండు చెట్లు, పెద్దగా రద్దీ లేని వీధి. ఇవే పునర్నిర్మాణానికీ అనువైన లక్షణాలు. 2019 జులైలో సవరించిన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం మొత్తం సభ్యుల్లో 51 శాతం ఆమోదిస్తే సంఘం పునర్నిర్మాణానికి వెళ్లవచ్చు. మెజారిటీ సక్రమంగా తీసుకున్న నిర్ణయాన్ని కొద్దిమంది అడ్డుకోలేరని బొంబాయి హైకోర్టు పలు తీర్పుల్లో చెప్పింది. కట్టినంతకాలం అద్దె, తిరిగివచ్చాక కొంత ఎక్కువ విస్తీర్ణం, ఒక కార్పస్ మొత్తం సభ్యులకు దక్కే ప్రయోజనాలు. బిల్డరు మధ్యలో చేతులెత్తేస్తే అద్దె ఆగిపోయి ఏళ్ల తరబడి పరాయి ఇళ్లలో గడపడం దాని నష్టం. విలే పార్లే, శాంతాక్రజ్, ఘాట్‌కోపర్ ప్రాంతాల్లో విమానాశ్రయం వల్ల ఎత్తుపై పరిమితులున్నాయి. అక్కడ అదనపు అంతస్తులు కట్టే వీలు తగ్గడంతో బిల్డర్ల ఆసక్తీ తగ్గుతుంది.

అందువల్ల పాత వన్ బీహెచ్‌కేకు చెప్పే ధరలో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి ఇప్పుడున్న ఇంటి విలువ, రెండోది రేపు రావచ్చంటున్న కొత్త ఇంటి ఆశ. రెండోదానికి సొమ్ము చెల్లించే ముందు సర్వసభ్య సమావేశం తీర్మానం చేసిందా, బిల్డరు ఎంపికయ్యాడా, రిజిస్టరైన ఒప్పందం ఉందా అన్నవి చూడాలి. బ్రోకరు నోటిమాట వీటిలో దేనికీ ప్రత్యామ్నాయం కాదు.

గదులు, వెలుతురు, వీధి నచ్చాక అందరూ అడిగేది ధర. సొసైటీ ఫ్లాటు విషయంలో అంతకన్నా ముందు ప్రాపర్టీ కార్డు, ఆ తర్వాత షేర్ సర్టిఫికెట్, ఆపైన సంఘం తీర్మానాల పుస్తకం చూడటం మంచిది. ఈ మూడూ సరిగా ఉంటే బేరమాడే బలం వస్తుంది. వాటిలో ఒక్కటి చూపించడానికి జంకినా, బయానా చెక్కు రాయడం ఆపి కారణం రాబట్టాలి.